ఒక్క అడుగు వెనక్కి

సెప్టెంబర్ 21, శనివారం

నేను చేసింది సరైనదే. ముందు ఆ మాట రాసుకుని మిగతాది తర్వాత రాస్తాను.

నిన్న మెరిడిత్ హైస్కూల్ మైదానంలో వాళ్ళకీ కోల్‌ఫోర్డ్ జట్టుకీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. రిఫరీలం అయిదుగురం. తెల్లటోపీ డెల్బర్ట్ క్రేన్ గారిది, అంటే ఆఖరి మాట ఆయనది. ఎడమవైపు గీత చూసే పని నాది. పెద్దపిల్లల ఆటల్లో నాకిది మూడో శుక్రవారం. మెరిడిత్ వాళ్ళు వరసగా పంతొమ్మిది ఆటలు ఓడిపోయి ఉన్నారు. నిన్న మాత్రం ఆఖరి నిమిషంలో నాలుగంటే నాలుగు పాయింట్ల వెనక ఉన్నారు.

ఆటకి ముందు డెల్బర్ట్ గారు ఎప్పటిలాగే మెరిడిత్ కోచ్ లానీ బీచమ్‌ని పక్కకి పిలిచి, "ఏమయ్యా, ఇవాళ మమ్మల్ని కూడా బోల్తా కొట్టించే ఎత్తులేమన్నా దాచావా?" అని అడిగారు. ఇది మామూలే. ముందు చెప్పుకోకపోతే ఎదుటి జట్టుతోపాటు మేమూ మోసపోయి ఈల ఊదేస్తాం. విన్నది అవతలివాళ్ళకి పొక్కనివ్వం.

బీచమ్ చెప్పాడు. బంతి పెట్టిన చోట జట్టు వరస కట్టే గీత ఉంటుంది కదా, దాని ఎడమ చివర ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడతారట. గీత మీద ఉన్నవాళ్ళలో రెండు కొసల్లో ఉన్నవాళ్ళకే బంతి అందుకునే హక్కు కాబట్టి లోపలివాణ్ణి ఎవరూ పట్టించుకోరు. సరిగ్గా అప్పుడు కొసవాడు ఒక్క అడుగు వెనక్కి వేసి, కదలకుండా ఆగుతాడు. దాంతో వాడు గీత మీద లేనట్టు లెక్క. లోపలివాడే కొసవాడైపోతాడు. బంతి వాడికి.

డెల్బర్ట్ గారు నా భుజం తట్టారు. "నీ వైపే, నేటా. ఆ కొసవాడి కాళ్ళు చూడు, మొహం కాదు."

చూశాను. కొసన పదకొండో నంబరు, ఎమ్మెట్ రస్క్. లోపల ఎనభై నాలుగు, డారియో ఒలివాస్. ముప్పై ఎనిమిది సెకన్లున్నాయి. ఎమ్మెట్ నా వైపు తిరిగి ఏదో అడిగాడు, జనం హోరులో సరిగా వినపడలేదు. బంతి కదిలింది. డారియో దరిదాపుల్లో ఒక్కడూ లేడు. బంతి అందుకుని, మైదానం ఆఖరి గీత దాటి, మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చేశాడు. వాడికింకా తెలియదు, తప్పు జరిగిందని చెప్పడానికి నేను విసిరే పసుపు గుడ్డ అప్పటికే గడ్డి మీద పడి ఉందని.

ఇద్దరూ గీత మీదే ఉన్నారు. హక్కులేనివాడు బంతి అందుకున్నాడు. ఆరు పాయింట్ల టచ్‌డౌన్ రద్దు. మెరిడిత్ ఇరవయ్యోసారి ఓడిపోయింది.

కంచె అవతల నుంచి తల్లులు అరిచిన మాటలన్నీ రాయను. ఒకావిడ మాత్రం, "తలగుడ్డలోళ్ళ పిల్లకి ఫుట్‌బాలేం తెలుసే! బన్నులు చేసుకోమనండి!" అంది. మా మతంలో ఆడవాళ్ళు తలకి గుడ్డ కట్టుకుంటారని ఆ ఎత్తిపొడుపు. మా అమ్మ బన్నులు రుచి చూసి ఉంటే ఆ మాట అంత వెటకారంగా అనలేకపోయేది.

నియమాల పరీక్షలో ఈ జిల్లా మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు. వందకి తొంభై ఎనిమిది. ముప్పై ఏళ్ళుగా ఈల ఊదుతున్నవాళ్ళకి కూడా అన్ని రాలేదు.

సెప్టెంబర్ 22, ఆదివారం

ఇద్దరూ గీత మీదే ఉన్నారు.

సెప్టెంబర్ 23, సోమవారం

సాయంత్రం డెల్బర్ట్ గారి గ్యాస్ గోడౌన్‌లో అయిదుగురం కూర్చుని వీడియో చూశాం. ఆ ఒక్క ఆటనీ తొమ్మిదిసార్లు తిప్పి చూశాం. ఎమ్మెట్ అడుగు వెనక్కి వేస్తాడు, అది నిజం. కానీ దీపస్తంభం నీడ సరిగ్గా వాడి పాదం మీద పడింది. సరిపడా వేశాడా, సగమే వేశాడా తేలదు.

కుడివైపు గీత చూసే రాయిస్ అన్నాడు, "ఇది పాదమా, బంగాళాదుంపా? మా ఆవిడ తీసిన ఫొటోలే నయం."

డెల్బర్ట్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "పెట్టుకున్నా అంతే, తీసినా అంతే. అక్కడ ఉన్న కన్ను నేటాది. ఆ పిల్ల మాటే మన మాట. సరేనా?"

అందరూ సరేనన్నారు. రాయిస్ నాకు పొద్దుతిరుగుడు గింజల పొట్లం అందించాడు. ఈ జట్టులోకి వచ్చాక అతను నాకు ఏదన్నా ఇవ్వడం ఇదే మొదలు.

తెర మీద నేనెక్కడా లేను. నేను నిలబడే చోటుదాకా కెమెరా రాలేదు. మంచిదే, మనిషిని కాదు కదా చూడాల్సింది, పాదాన్ని.

సెప్టెంబర్ 25, బుధవారం

మధ్యాహ్నం డెల్బర్ట్ గారు ఫోన్ చేశారు. నేను పనిచేసే బడిలో ఒకటో తరగతి పిల్లలకి బూట్ల లేసులు కడుతున్నాను. బయటికి వచ్చి మాట్లాడాను.

"బీచమ్ ఫోన్ చేశాడమ్మా. ఆ పదకొండో నంబరు కుర్రాడు ఒక మాట మీదే నిలబడ్డాడట. బంతి కదలకముందు 'నేను వెనకున్నానా' అని నిన్ను అడిగాడట. నువ్వు చెయ్యి వెనక్కి చాపావట."

కొసన నిలబడే పిల్లలు అలా అడగడం, మేం చెయ్యి వెనక్కి చాపి 'ఆ, వెనకున్నావు' అని చెప్పడం ప్రతి ఆటలో జరిగేదే. నియమాల పుస్తకం అలా చెయ్యమనలేదు. కానీ మా దగ్గర అందరూ చేస్తారు.

"చాపావా?" అన్నారాయన.

"గుర్తులేదండీ."

ఫోన్‌లో ఆయన గ్యాస్ లారీ ఇంజను చప్పుడు వినిపించింది. "సరేలే. ఓడిపోయాక పిల్లలు నానా కబుర్లూ చెబుతారని అన్నాను అతనితో. చెయ్యి చాపిన రిఫరీ ఆ వెంటనే గుడ్డ ఎందుకు వేస్తాడయ్యా, అన్నాను."

అంతటితో అయిపోతే బాగుండేది. బీచమ్ ఎమ్మెట్‌ని జట్టులోంచి పక్కన కూర్చోబెట్టాడట. కాలు సరిగా వెయ్యనందుకు కాదు. "కాలు ఎవరికైనా తప్పుతుంది, తప్పుని రిఫరీ మీదికి నెట్టే అబద్ధాలకోరు నాకొద్దు" అన్నాడట. డారియో కూడా వాడితో మాట్లాడటం లేదట. రెండేళ్ళ తర్వాత చేతికందిన ఒక్క గెలుపూ వీడివల్లే పోయిందని ఊరంతా అంటోందట.

గుర్తులేదు. ఆ హోరులో ఎవరికి మాత్రం గుర్తుంటుంది.

సెప్టెంబర్ 26, గురువారం

అమ్మ వంటింటి బల్ల మీద చిక్కుడు గింజలు పోసుకుని రాళ్ళేరుతోంది. నేను ఎదురుగా కూర్చుని బడి పిల్లల పాఠం రాసుకుంటున్నట్టు నటిస్తున్నాను.

"ఏమే, వారం నుంచి ఆ మూతేంటి? మీ నాన్న ఏమన్నా అన్నాడా?"

"నాన్న కొత్తగా ఏమంటాడమ్మా."

నాన్న అనేది ఒకటే. మగపిల్లల మధ్య చారల చొక్కా వేసుకుని పరిగెత్తే చదువు ఏ బళ్ళో చెప్పారే, అని. నవ్వుతూనే అంటాడు. కానీ ఆ చొక్కా దండెం మీద ఉంటే అటు చూడడు.

"మరి ఆ ఆటేనా? చెప్పు. నాకు అర్థం కాదనుకుంటున్నావు కదా, చెప్పి చూడు."

గింజలతో చెప్పాను. ఏడు గింజలు వరసగా, నాలుగు వెనక. వరసలో ఈ కొసది, ఆ కొసది బంతి అందుకోవచ్చు. వెనకున్నవీ అందుకోవచ్చు. వరస మధ్యలో ఉన్నవి అందుకోకూడదు. తర్వాత వెనకున్న వాటిలో ఒక గింజ తీసి కొస పక్కన పెట్టాను. "ఇప్పుడు ఈ లోపలిది మధ్యలోది అయిపోయింది. దీనికి హక్కు పోయింది." ఆ కొస గింజని వేలితో కొంచెం వెనక్కి జరిపాను. "ఇప్పుడు మళ్ళీ వచ్చింది."

"అబ్బో, కొంటె వేషమే," అంది అమ్మ. ఆమెకి నచ్చింది. తనే ఆ గింజని ముందుకీ వెనక్కీ రెండుసార్లు జరిపి చూసుకుంది. "ఎంత వెనక్కి జరగాలి?"

"బంతి పట్టుకుని కూర్చునేవాడి నడుముకంటే వెనక."

"పక్కన నిలబడ్డ పిల్లాడికి ఎక్కడో మధ్యలో ఉన్నవాడి నడుమెలా కనిపిస్తుందే? తను సరిపడా వచ్చాడో లేదో వాడికెలా తెలుస్తుంది?"

"నన్ను అడుగుతాడు."

"అడిగాడా?"

"అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

నేను బల్ల మీద గింజల్ని చూస్తూ ఉండిపోయాను. అమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, పదకొండు గింజల్నీ అరచేత్తో ఊడ్చి గిన్నెలో పోసేసింది. సూప్‌కి నీళ్ళు పెట్టడానికి లేచింది. మళ్ళీ అడగలేదు.

సెప్టెంబర్ 27, శుక్రవారం

ఇవాళ మాకు వేరే ఊళ్ళో, వేరే జట్ల ఆట. పిల్లలు "వెనకున్నానా మేడమ్" అని అడిగినప్పుడల్లా నా చెయ్యి లేవలేదు. అవతల మెరిడిత్ ఇరవై ఒకటోసారి ఓడిపోయిందని రేడియోలో విన్నాను. ఎమ్మెట్ ఆడలేదు.

సెప్టెంబర్ 28, శనివారం

నేను చెయ్యి చాపాను.

వాడు అడిగింది నాకు స్పష్టంగా వినపడింది. "వెనకున్నానా మేడమ్?" అన్నాడు. వాడి తుంటి ఎక్కడుందో చూశాను, వెనకుంది. కుడిచెయ్యి పూర్తిగా వెనక్కి చాపాను. వాడు తల ఊపి ముందుకు తిరిగాడు. కదలకుండా నిలబడ్డాడు. బంతి కదిలింది.

ఆ తర్వాత ఏమైందో వారం రోజులుగా నాకు నేనే చెప్పుకోవడం లేదు. డారియో ఒంటరిగా పరిగెత్తడం చూడగానే నా మనసులో మెదిలింది అంతకు ముందటి బొమ్మ, ఇద్దరూ పక్కపక్కన గీత మీద ఉన్న బొమ్మ. పరీక్షకి ఆ బొమ్మనే వందసార్లు గీశాను. దాని కింద వందసార్లు రాశాను, హక్కు లేదు, గుడ్డ వెయ్యి, అని. ఇంతమంది పెద్దవాళ్ళు పసిగట్టలేనిది నేను పట్టుకున్నాననుకున్నాను. కోల్‌ఫోర్డ్ పిల్లల్ని బోల్తా కొట్టించడానికి వేసిన ఎత్తు నన్ను కూడా బోల్తా కొట్టించింది. నాకైతే ముందే చెప్పారు. వాళ్ళకి చెప్పలేదు.

గుడ్డ నేల మీద పడ్డ క్షణంలోనే తెలిసింది. డెల్బర్ట్ గారు పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏం చూశావు?" అని అడిగినప్పుడు తెలిసే ఉంది. "ఇద్దరూ గీత మీదే ఉన్నారండీ," అన్నాను. ఆ మాట అంత గట్టిగా, అంత శుభ్రంగా ఎలా వచ్చిందో తెలియదు. ఎమ్మెట్ అక్కడే నిలబడి ఉన్నాడు. నా చేతివంక చూశాడు, నా మొహంవంక కాదు.

మా ఇంట్లో బడి పూర్తిచేసిన మొదటిదాన్ని నేను. అమ్మానాన్నలు సరిహద్దు అవతల చువావాలో, మా మతస్థుల కాలనీ బళ్ళో పన్నెండేళ్ళకే చదువు ఆపేశారు, అక్కలూ అన్నలూ అంతే. ఇంగ్లిషులో ఉత్తరం ఏదొచ్చినా మావాళ్ళలో సగంమంది నా దగ్గరికే వస్తారు. ఆస్పత్రికి, బడికి, ఫ్యాక్టరీకి వాళ్ళ తరఫున నేనే రాస్తాను. రాసే ముందు అందరికీ ఒకటే చెబుతాను. "అత్తా, జరిగింది జరిగినట్టు చెప్పు, మిగతాది నేను చూసుకుంటా." సారా అత్త ఒకసారి, "నీకు చెప్పడం సులువే, సిగ్గుపడేది నేను కదా," అంది. నవ్వాను అప్పుడు.

సెప్టెంబర్ 29, ఆదివారం

ప్రార్థన అయ్యాక డెల్బర్ట్ గారింటికి వెళ్ళాను. ఆయన కారు కింద పడుకుని ఉన్నారు, కాళ్ళే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళకే చెప్పాను. మొత్తం చెప్పాను.

కాళ్ళు కదల్లేదు. తర్వాత ఆయన మెల్లగా బయటికి వచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకున్నారు.

"నేను అడిగినప్పుడు గుర్తులేదన్నావు."

"అబద్ధం చెప్పానండీ."

"ఊఁ." ఇంకాసేపు తుడుచుకున్నారు. "తప్పు గుడ్డ వెయ్యని రిఫరీని నేనింతవరకూ చూడలేదు. దానికి నిన్నేమీ అనను. కానీ ఆ కుర్రాణ్ణి అబద్ధాలకోరు అని నా నోటితో నాచేత అనిపించావు. అది నాకు కష్టంగా ఉంది."

"తెలుసండీ."

"స్కోరు మారదు, అది తెలుసుగా? ఆట అయిపోతే అయిపోయినట్టే."

"తెలుసండీ. ఆ అబ్బాయి సంగతి మారుతుంది కదా."

"అసోసియేషన్‌కి ఉత్తరం రాయి. నేను కూడా ఒకటి రాస్తాను. శుక్రవారాలు పోతాయి నీకు, ముందే చెబుతున్నా." ఇంట్లోకి వెళుతూ వెనక్కి తిరిగారు. "భోంచేశావా?"

లేదన్నాను. లోపలికి రమ్మన్నారు. వాళ్ళావిడ మాంసం కూర వడ్డించింది. రెండోసారి కూడా వడ్డించుకోమన్నారు.

సెప్టెంబర్ 30, సోమవారం

మొదటి ఉత్తరం జనం హోరుతో మొదలైంది. చింపేశాను. రెండోది పరీక్ష మార్కులతో మొదలైంది. అదీ చింపేశాను. మూడోది ఆరు వాక్యాలు. పోస్ట్ చేశాను.

అక్టోబర్ 2, బుధవారం

మెరిడిత్ వెళ్ళాను. నిన్న ఫోన్‌లో బీచమ్‌తో మొత్తం చెప్పినప్పుడు ఆయన మొదటినుంచి మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చివరికి, "ఇది నాకు కాదు, పిల్లలందరి ముందూ చెప్పగలవా? రేపు నాలుగుకి ప్రాక్టీసు," అన్నాడు.

నలభైమంది గడ్డి మీద ఒంటి మోకాలు ఆనించి కూర్చున్నారు, శిరస్త్రాణాలు పక్కన పెట్టుకుని. చెమట వాసన. ఎమ్మెట్ అందరికంటే వెనక, ఒక్కడే. వాడికీ ముందువాళ్ళకీ మధ్య ఒక మనిషి పట్టే జాగా ఖాళీగా ఉంది.

నేను రాసుకుని వెళ్ళింది జేబులోనే ఉంచేశాను. "ఎమ్మెట్ సరిపడా వెనక ఉన్నాడు. నన్ను అడిగాడు. ఉన్నావని చెయ్యి చాపి చెప్పాను. తర్వాత తప్పుగా గుడ్డ వేశాను. ఆ తర్వాత వారం రోజులు ఆ సంగతి దాచాను. ఎమ్మెట్ మీకు చెప్పిందంతా నిజం."

ఎవరో వెనక నుంచి, "అంటే మనం గెలిచామా?" అన్నాడు. "నోర్ముయ్ రా," అన్నాడు ఇంకొకడు. డారియో నేలవంక చూస్తూ గడ్డి పీకుతున్నాడు.

"ఎమ్మెట్, నీకేమన్నా అనాలని ఉంటే అను," అన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. చెంప మీద మొటిమలు. "ఏం అనమంటారు మేడమ్? మా అమ్మ కూడా నమ్మలేదు." చేతికి అంటిన గడ్డి దులుపుకున్నాడు. "ఆవిడకి ఫోన్ చేసి చెప్తారా?"

"ఇవాళే చేస్తాను."

"ఆరు దాటాక చెయ్యండి. అప్పటిదాకా డ్యూటీలో ఉంటుంది."

బీచమ్ టోపీ తీసి చేతిలో నలుపుతూ ముందుకొచ్చాడు. "రస్క్. నిన్ను అబద్ధాలకోరు అన్నాను, వీళ్ళందరి ముందూ అన్నాను. వీళ్ళందరి ముందూ చెబుతున్నా, తప్పు నాది కూడా." టోపీ మళ్ళీ పెట్టుకుని, "కొస నీదే. పో, నిలబడు," అని అరిచాడు. తిడుతున్నట్టే ఉంది ఆ గొంతు. డారియో లేచి, దారిలో పడి ఉన్న ఎమ్మెట్ శిరస్త్రాణం తీసి వాడి పొట్టకి గట్టిగా తగిలేలా విసిరాడు. "రారా, మందమతీ," అన్నాడు. ఎమ్మెట్ వెళ్ళాడు.

ఆరున్నరకి వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. అంతా విని, "నువ్వు ఫోన్ పెట్టేస్తే నేను ఏడవాలి," అంది. పెట్టేశాను.

అక్టోబర్ 5, శనివారం

అసోసియేషన్ జవాబు వచ్చింది. ఈ ఏడాదికి శుక్రవారాలు లేవు. గురువారాల్లో ఏడో తరగతి పిల్లల ఆటలు ఉంటాయి. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు.

నాన్న చదివి చెప్పమన్నాడు. మా భాషలోకి మార్చి చెప్పాను, ఒక్క మాట కూడా మెత్తబరచకుండా. కప్పు బల్ల మీద పెట్టి అడిగాడు.

"నువ్వు చెప్పకపోతే వాళ్ళకి తెలిసేదా?"

"తెలిసేది కాదు నాన్నా."

"చెప్పినందుకే ఈ శిక్షా?"

"చెప్పినందుకు కాదు. చెప్పనందుకు."

ఆలోచించాడు. "ఈ గురువారాలు ఎన్నింటికి?"

"నాలుగింటికి."

"పికప్ ట్రక్కు నాకు మూడున్నరకే ఖాళీ అవుతుంది," అన్నాడు. దాని రెండో తాళంచెవి నావైపు తోసి, పనిలోకి వెళ్ళిపోయాడు.

మెరిడిత్ నిన్న కూడా ఓడిపోయింది. ఎమ్మెట్ ఆట మొత్తం ఆడాడు. మూడు బంతులు అందుకున్నాడని పేపర్లో ఉంది.

అక్టోబర్ 10, గురువారం

ఏడో తరగతి పిల్లలు. భుజాల కవచాలు వాళ్ళకంటే పెద్దవి. ఎండగా ఉంది, గాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముప్పై మంది కూడా లేరు.

ఆటలో మూడో పావు భాగం చివర్లో ఎడమ కొసన ఇద్దరు పిల్లలు. ఎత్తేమీ లేదు, ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ జరిగారంతే. లోపలివాడు బంతి అందుకున్నాడు. వాడు పుట్టాక మొదటిసారి అందుకున్నట్టున్నాడు, ఆశ్చర్యపోయి నిలబడిపోయాడు. నా చేతిలోంచి పసుపు గుడ్డ వెళ్ళిపోయింది.

అది నేలని తాకిన క్షణంలోనే తెలిసింది. కొసవాడి తుంటి వెనక ఉంది. నేను చూశాను.

పరిగెత్తుకుంటూ వెళ్ళి తెల్లటోపీ రాయిస్‌తో చెప్పాను. "తప్పు నాది. కొసవాడు వెనక ఉన్నాడు. తీసేసుకుంటాను."

"ఖాయమేనా?"

"ఖాయం."

రాయిస్ అందరికీ వినపడేలా చెప్పాడు, తప్పు లేదు, బంతి అందుకున్నది చెల్లుతుంది, అని. నేను నడిచి వెళ్ళి, వంగి, ఆ గుడ్డ తీసి నడుముకి దోపుకున్నాను. అవతలి కోచ్ చేతులు విసురుతూ గీత దాకా వచ్చాడు.

"ఏంటమ్మా, గుడ్డ చెయ్యి జారిందా?"

"లేదండీ, నేనే వేశాను. తప్పుగా వేశాను."

"వేసి, మళ్ళీ తీసేసుకుంటావా?"

"అవునండీ, తీసేసుకుంటాను."

"ఏం రిఫరీలో!" అని వెనక్కి తిరిగిపోయాడు. కంచె దగ్గర ఇద్దరు తల్లులు ఈల వేసి గోల చేశారు. అంతకుమించి ఏమీ కాలేదు.

ఆ పావు ముగిసి జట్లు అటూ ఇటూ మారుతుండగా చూశాను, కంచెకి అవతల డెల్బర్ట్ గారి గ్యాస్ లారీ ఆగి ఉంది. ఆయన కంచె మీద మోచేతులు ఆనించి నిలబడ్డారు.

"పది సెకన్లు పట్టింది నీకు," అన్నారు.

"ఎక్కువేనాండీ?"

"నాకు ఒకసారి పదకొండేళ్ళు పట్టింది."

"ఎవరికి చెప్పారు?"

"నా తప్పు గుడ్డకి బలైన ఆ కుర్రాడికే. వాడి పెళ్ళిలో. కేకు తింటున్నాడు, ఆపి విన్నాడు." టోపీ సర్దుకున్నారు. "మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. అంతేనమ్మా. పదకొండేళ్ళు."

రాయిస్ పిలిచాడు. పిల్లలు వరసలో నిలబడి, ఎవరెక్కడో తెలియక ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. నా గీత దగ్గరికి పరిగెత్తాను.